పెద్దమ్మకు చెప్పని చిరునామా

ఆమెను అందరూ కాజాల పెద్దమ్మ అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఒకవేళ పిలిచినా ఆమె పలకదు, పక్కన ఇంకెవరో ఉన్నారేమో అని చూస్తుంది. ముప్పై రెండేళ్ళుగా ఆ కుట్టు దుకాణంలో ఆమె చేసే పని ఒక్కటే: కోట్లకు చేత్తో కాజాలు కుట్టడం. కాజాలు వేసే మిషను వచ్చి ఏళ్ళు గడిచాయి. షర్టులన్నీ దాని మీదే పోతాయి. కోటుకు మాత్రం మిషను కాజా వేస్తే పరువు పోతుందని కటింగ్ మాస్టారి పట్టుదల. ఆ పట్టుదల పుణ్యమా అని పెద్దమ్మ ఉద్యోగం నిలిచింది.

కాజా అంటే గుండీ దూరే ఏదో చిల్లు అనుకుంటాం మనం. ఆ మాట ఆమె ముందు అనకండి, కడిగేస్తుంది. మంచి గుడ్డను చేతులారా కోసి, ఆ కోత ఇంక చిరగకుండా చుట్టూ దారంతో కట్టు కట్టాలి. పోగు బిగిస్తే గుడ్డ ముడతలు పడుతుంది, వదిలితే నాలుగు రోజులకే నోరు తెరుస్తుంది. దానికి వెలుతురు కావాలి. అందుకే ఆమె ముక్కాలిపీట గుమ్మం పక్కనే వేస్తారు. ఎండ ఎటు తిరిగితే పీట అటు జరుగుతుంది.

కళ్ళ సంగతి వేరే చెప్పాలి. వీధి చివర మలుపు తిరిగే మనిషిని నడకను బట్టి ఇట్టే పోల్చేస్తుంది గానీ, ఒళ్ళో ఉన్న చీటీ మీద అక్షరం కనబడదు. కాజా అంతా వేళ్ళ తడుముడుతోనే నడుస్తుంది. "కళ్ళజోడు పెట్టుకోండి పెద్దమ్మా" అని మాస్టారు అన్నప్పుడల్లా గయ్యిమనేది. "నాకేం వయసైపోయిందా? నువ్వు పెట్టుకో ముందు." ఈ ఒక్క మొండితనం లేకపోతే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. ఏమో, ఉండేది కాదేమో కూడా. అది తేలకే కదా ఆమె ఈ రోజుకీ కుమిలిపోతున్నది.

ఆ దుకాణంలో ఇంకో పద్ధతి ఉంది. ఒకప్పుడు కటింగ్ చేసేవాడొకడు ఫోను చెవికి తగిలించుకుని కబుర్లు చెబుతూ ఖరీదైన కోటు ముందు భాగాన్ని అడ్డంగా కోసేశాడు. ఆ రోజు మాస్టారు వేసిన కేకలకు పక్క దుకాణం వాళ్ళు కూడా బయటికొచ్చారు. మర్నాటి నుంచి పనిలోకి రాగానే అందరి ఫోన్లూ గుమ్మం దగ్గరున్న బిస్కెట్ల రేకు డబ్బాలో పడాల్సిందే. గుమ్మం దగ్గర ఉండేది ఎవరు? పెద్దమ్మ. కనుక మోగిన ప్రతి ఫోనూ ఎత్తే భాగ్యం కూడా ఆమెదే. "మీ ఆయన ఇస్త్రీ చేస్తున్నాడమ్మా, చొక్కాకే లే, నాకు కాదు" లాంటి జవాబులు చెప్పి అందరి ఇళ్ళలోనూ చుట్టమైపోయింది.

ఈలపిల్ల ఆ దుకాణంలో చేరి మూడేళ్ళు. ఇరవై రెండేళ్ళ పిల్ల, ప్యాంట్లు కుడుతుంది. మిషను చప్పుడుకు సరిపడా ఈల వేసుకుంటూ కుట్టేది, అందుకే ఆ పేరు. "ఇదేమన్నా రైల్వే స్టేషనా?" అని మాస్టారు విసుక్కునేవాడు గానీ ఆయన కత్తెర కూడా ఆ ఈలకు తగ్గట్టే నడిచేది, పెద్దమ్మ చాలాసార్లు గమనించింది. ఆ పిల్లకు తల్లి లేదు. ఒక అన్న, వేరే ఊళ్ళో. రెండు వీధుల అవతల ఆడపిల్లల హాస్టల్లో గది. పెద్దమ్మకు పిల్లల్లేరు, మొగుడు పోయి చాలాకాలమైంది. ఇంక చెప్పేదేముంది, ఇద్దరూ మధ్యాహ్నం ఒకే డబ్బాలో తినేవాళ్ళు. పిల్లకు ఏ కష్టమొచ్చినా మొదట పెద్దమ్మ చెవిలో పడేది.

ఒకనాడు డబ్బాలో పిల్ల ఫోను మోగింది. పెద్దమ్మ ఎత్తింది.

"పెద్దమ్మగారా? నమస్కారమండీ. మా అమ్మాయి అక్కడే ఉందా?"

"మీ అమ్మాయేంటి బాబూ, మా అమ్మాయి. ఉంది. ఏం కావాలి?"

"ఏం లేదండీ, తిన్నదో లేదో అని."

పెద్దమ్మ మొగుడు బతికున్నన్నాళ్ళూ 'తిన్నావా' అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఒకసారి ఆమె మూడు రోజులు జ్వరంతో పడుంటే, మంచం కాస్త పక్కకు జరుపుకోమన్నాడు, ఊడవడానికి అడ్డంగా ఉందని. అలాంటి ఆవిడకు, పిల్లను ఇష్టపడ్డ ఈ కుర్రాడి మాట వెన్నలా తగిలింది. ఫోన్లు అమ్మే షోరూమ్‌లో పని చేస్తాడట. శుభ్రమైన చొక్కా, మెత్తటి మాట. దుకాణానికి వచ్చినప్పుడు చెప్పులు బయటే విడిచేవాడు. మాస్టారు వాడికి 'బుద్ధిమంతుడు' అని పేరు పెట్టాడు. అందరూ ఆ పేరే ఖాయం చేశారు. సంవత్సరంలో పెళ్ళి అనుకుంటున్నామని పిల్ల సిగ్గుపడుతూ చెప్పింది.

బుద్ధిమంతుడు పదింటికి ఒకసారి చేసేవాడు, పన్నెండుకు ఒకసారి, మూడింటికి ఒకసారి. "ఉందిరా బాబూ, పని చేసుకుంటోంది" అనేది పెద్దమ్మ, ప్రతిసారీ అదే సంబరంతో. తర్వాత గంటకొకసారి అయింది. అప్పుడూ ఆమెకు ముచ్చటే. "ఒసేయ్, నీ మొగుడు గంటకోసారి మోగుతున్నాడే" అని లోపలికి కేక వేస్తే అందరూ నవ్వేవాళ్ళు. పిల్ల కూడా నవ్వేది. ఆ నవ్వు ఎప్పుడు ఆగిందో పెద్దమ్మకు గుర్తు లేదు. అదిగో, అదే ఆమె బాధ.

ఈలోగా పెద్దమ్మ ఫోను ఇస్త్రీ నీళ్ళ బకెట్లో పడింది. రెండు రోజులు తిరక్కుండానే బుద్ధిమంతుడు తన పాత ఫోను తెచ్చి చేతిలో పెట్టాడు. "కొత్తది కొనడమెందుకండీ, ఇది మీకు చాలు." స్టూలు మీద కూర్చుని అన్నీ వాడే సర్ది, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోలేదు. "చీటీలు కనబడట్లేదని చెప్పింది అమ్మాయి. ఫోటో తీసుకుని ఇలా రెండు వేళ్ళతో సాగదీయండి. ఎంత కావాలంటే అంత పెద్దదవుతుంది. కళ్ళజోడుతో పనేముంది మీకు?"

పెద్దమ్మ పొంగిపోయింది. ఆనాటి నుంచి ఏ కోటు వచ్చినా ముందు చీటీకి ఫోటో, తర్వాత వేళ్ళతో సాగదీత. గుండీలెన్ని, కాజా పొడవెంత, దారం ఏ రంగు, అన్నీ ఫోన్లోనే చదివేది. "చూశావా, కళ్ళజోడు లేకుండానే" అని మాస్టారి ముందు ఫోను ఆడించేది.

మధ్యాహ్నం అన్నం ముందు పిల్ల గోడ గడియారం కింద నిలబడి ఫోటో తీసుకోవడం మొదలుపెట్టింది. రోజూ. గడియారంలో ముళ్ళు కనబడాలట. "గడియారాన్ని పెళ్ళి చేసుకుంటావేంటే?" అని పెద్దమ్మ వేళాకోళం ఆడింది. ఫోటో సరిగ్గా రాలేదని పిల్ల మళ్ళీ తీసుకుంది. తోటి పిల్లల నంబర్లు దాని ఫోన్లోంచి ఒక్కొక్కటీ మాయమయ్యాయి. ఈల ఆగిపోయింది. కొన్నాళ్ళకు గానీ దుకాణంలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. ఫ్యాను ఆగితే తెలుస్తుంది గానీ ఈల ఆగితే ఎవరు పట్టించుకుంటారు?

ఒకరోజు డబ్బాలో ఫోను మోగింది. అది వినగానే పిల్ల ఉలిక్కిపడింది. మిషను సూది చూపుడు వేలి గోట్లోంచి దిగి అవతలికి వచ్చింది. మాస్టారు చక్రం వెనక్కి తిప్పి సూది తీశాడు. పెద్దమ్మ ఒక చేత్తో గుడ్డ చుడుతూ ఇంకో చేత్తో ఫోను ఎత్తి, "బాబూ, పిల్లకు సూది గుచ్చుకుంది, రక్తం కారుతోంది, తర్వాత చెయ్యి" అంది.

"అయ్యో, అలాగా అండీ? ఒక ఫోటో పంపమనండి."

"దేనికి?"

"వేలిదండీ. కట్టు విప్పి తియ్యమనండి, గాయం కనబడాలి. ఊరికే అంటోందేమో అని."

మాట మాత్రం అదే మెత్తన, అదే మర్యాద. అందుకే పెద్దమ్మకు భయం వేసింది. పిల్ల కట్టు విప్పింది, ఫోటో తీసింది, పంపింది, మళ్ళీ కట్టుకుంది. ఎన్నాళ్ళుగానో అలవాటున్న మనిషిలా చేసింది.

ట్రయల్ రూమ్‌లోకి లాక్కెళ్ళి తలుపేసి అడిగితే అప్పుడు చెప్పింది. దాని ఫోను తెరిచే అంకెలన్నీ వాడి దగ్గరున్నాయి. అది ఎక్కడుంటే అక్కడ వాడి ఫోన్లో ఒక చుక్క కదులుతుంది. హాస్టల్ నుంచి దుకాణానికి ఏడు నిమిషాలు, తొమ్మిదైతే సంజాయిషీ చెప్పుకోవాలి. పడుకున్నాక కూడా ఫోను కలిపే ఉంచాలి, ఊపిరి వాడికి వినపడాలి. వద్దంటే ఏముంది, మొదట్లో నమ్మకంతో పంపిన ఫోటోలు వాడి దగ్గరున్నాయి. మీ అన్నకు పంపనా అంటాడు. అరవడు, తిట్టడు. 'పంపనా' అని అడుగుతాడంతే.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు వాడితో రోజూ నవ్వుతూ మాట్లాడుతావు కదా పెద్దమ్మా."

నిజమే మరి. ఉంది, పని చేసుకుంటోంది అని గంట గంటకూ కబురు అందించింది ఎవరు? జీతం లేని కాపలా మనిషి తనే.

ఇద్దరూ కలిసి ఒక దారి వెతికారు. మాస్టారికి తెలిసిన కోట్ల కార్ఖానా ఒకటి వేరే ఊళ్ళో ఉంది. ఆయన ఎవరికీ తెలియకుండా అక్కడ పని మాట్లాడి పెట్టాడు. అనుకున్న రోజు పిల్ల మామూలుగానే వచ్చింది, ఫోను డబ్బాలో వేసింది, గడియారం కింద ఫోటో పంపింది, వెనక గుమ్మం గుండా వెళ్ళిపోయింది. ఫోను డబ్బాలోనే ఉంది గనక చుక్క కదల్లేదు. పెద్దమ్మ మాత్రం గంట గంటకూ ఎత్తి, "ఉందిరా బాబూ, పని చేసుకుంటోంది" అంటూనే ఉంది. గొంతులో తేడా రానివ్వలేదు.

వెళ్ళే ముందు పిల్ల ఒక కొలతల చీటీ మీద కొత్త చోటు చిరునామా రాసి ఇచ్చింది. దాని సొంత కత్తెర సాన పట్టడానికి ఇచ్చి ఉంది, అది రాగానే పంపాలి. ఇంకొకరి కత్తెర చేతికి కుదరదు, ఆ పనివాళ్ళకు అది తెలుసు. "ఎవరికీ చెప్పకు, ఫోన్లో అసలు మాట్లాడకు. చదివి గుర్తుపెట్టుకుని చింపెయ్ పెద్దమ్మా" అంది.

పెద్దమ్మ అక్షరాలా అలాగే చేసింది. ఎవరికీ చెప్పలేదు. ఫోన్లో ఒక్క మాట మాట్లాడలేదు. పిల్ల రాత సన్నం, కళ్ళకు ఆనలేదు. రోజూ అన్ని చీటీలకూ చేసినట్టే దానికీ ఒక ఫోటో తీసుకుంది, రెండు వేళ్ళతో సాగదీసింది, నాలుగుసార్లు చదివి కంఠతా పట్టింది. తర్వాత చీటీని దారపు ముక్కలంత చింపి మూడు చోట్ల పారేసింది. ఎంత జాగ్రత్తగా చేశానో అని తనను తాను మెచ్చుకుంది కూడా.

మూడో రోజు పొద్దున కార్ఖానా పనివాళ్ళ గదుల్లో, పిల్ల తలుపు ముందే బుద్ధిమంతుడు నిలబడి ఉన్నాడట. చేతిలో పళ్ళ సంచీ. "చెప్పకుండా వచ్చేశావేం, కంగారుపడ్డాం" అన్నాడట అందరి ముందూ. అన్నతో ఫోను కలిపి పిల్ల చేతికిచ్చాడు. "అంత మంచివాణ్ణి ఏడిపిస్తావా?" అని అన్న అరిచాడు. ఐదో రోజు పిల్ల మళ్ళీ తన మిషను ముందు కూర్చుని ఉంది. పెద్దమ్మ వైపు చూడలేదు.

"నేను చెప్పలేదే తల్లీ. నీ మీద ఒట్టు."

"నీకు, మాస్టారికి తప్ప ఇంకెవరికీ తెలీదు పెద్దమ్మా. మాస్టారికి కార్ఖానా పేరే తెలుసు. వాడు నేరుగా నా గది ముందుకొచ్చాడు, గది నంబరు నీ చీటీలోనే ఉంది." ఆ పిల్ల కోపంగా అన్నా బాగుండేది. అలసిపోయిన గొంతుతో అంది. ఆనాటి నుంచి అన్నం డబ్బాలు రెండయ్యాయి.

వారం తర్వాత ఒక కోటు చీటీ ఫోటో చూస్తూ పెద్దమ్మ వేలు పక్కకు జారింది. తను తీయని ఫోటో ఒకటి వచ్చింది. ఏదో గేటు. ఇంకా జరిపింది. హాస్టల్ కిటికీ. ఇంకా జరిపింది. బస్టాపులో వెనక నుంచి ఈలపిల్ల. రోడ్డు దాటుతూ ఈలపిల్ల. మళ్ళీ తన చీటీలు, భుజం, చెయ్యి, నడుము, గుండీలు ఆరు. వాటి మధ్యలో సన్నటి రాతతో ఆ చీటీ, గది నంబరుతో సహా. చింపేసింది కదా దాన్ని! మూడు చోట్ల పారేసింది కదా! 

మలుపులో ఫోన్లు బాగుచేసే అతను చూసి, తల గోక్కుని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఇందులో ఉన్నది మీ ఖాతా కాదమ్మా, ఇచ్చినాయనది. మీరు తీసిన ప్రతి ఫోటో ఆయనకు కూడా చేరుతుంది. ఆయన తీసినవి ఇందులోకీ వస్తాయి."

"నేనేమీ పంపలేదు బాబూ."

"పంపక్కర్లేదమ్మా. తీస్తే చాలు."

తీసేయమంటే తీసేస్తాననీ, తీసిన మరుక్షణం ఆయనకు తెలిసిపోతుందనీ కూడా చెప్పాడు. పెద్దమ్మ వద్దంది. ఫోను కొంగులో కట్టుకుని ఇంటికి నడుస్తుంటే అది కాలుతున్నట్టే అనిపించింది.

పిల్లకు ట్రయల్ రూమ్‌లోనే చూపించింది. పిల్ల ఒక్కొక్కటీ జరుపుతూ చివరిదాకా చూసింది. "అయితే నువ్వు చెప్పలేదన్నమాట" అని పెద్దమ్మ భుజం మీద తల ఆనించింది. పెద్దమ్మ భోరుమంది. "చెప్పి ఉంటే ఇంత బాధ ఉండేది కాదే. జాగ్రత్తపడి మరీ నిన్ను పట్టిచ్చాను."

ఆ మధ్యాహ్నమే పిల్లను వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళింది. ఎదురుగా ఉన్న అధికారి చెడ్డవాడేమీ కాదు, కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. ఫోటోలు చూశాడు. "రోడ్డు మీద తీసినవి. కొట్టాడా? ఎక్కడన్నా తిట్టినట్టు రాశాడా?" లేదు. "బెదిరించిన ఫోటోలు ఉన్నాయన్నారు, అవి చూడాలి మరి. మీ అన్నయ్యను కూడా పిలిపించాలి." పిల్ల తల అడ్డంగా ఊపింది. అంతలో దాని ఫోను మోగింది. చుక్క స్టేషన్లో ఆగింది కదా, మోగకుండా ఉంటుందా?

అధికారి ఫోను తీసుకుని రెండు నిమిషాలు మాట్లాడాడు, ఫోటోల మాట మాత్రం ఎత్తలేదు. అవతల నుంచి 'సార్, సార్' అన్న మెత్తటి గొంతు వినబడుతూనే ఉంది. ఫోను తిరిగి ఇస్తూ, "చాలా కంగారుపడుతున్నాడమ్మా. ఆ పిల్లకు ఈ మధ్య అనుమానాలు ఎక్కువయ్యాయి, కాస్త చూసుకోండి అంటున్నాడు. మంచబ్బాయిలాగే ఉన్నాడు. ఒకసారి పిలిచి గట్టిగా చెప్పమంటే చెబుతాను" అన్నాడు.

"వద్దు సార్" అంది పిల్ల. లేచి నిలబడింది. పెద్దమ్మ కూడా లేచింది. ఏం చెయ్యగలదు? ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా మొహం లేదు. మొదటి రోజు ఫోను ఎత్తినప్పుడు తను అనుకున్నదీ అదే మాట కదా.

స్టేషను సంగతికి బుద్ధిమంతుడు కోప్పడలేదు. మర్నాడు దుకాణానికి వచ్చి చెప్పులు బయట విడిచి, "ఏమన్నా పోయిందా పెద్దమ్మగారూ? నాకు చెబితే నేనే వెతికి పెట్టేవాణ్ణి కదా" అన్నాడు. ఆ సాయంత్రం అన్నకు ఒక ఫోటో వెళ్ళింది. ఒక్కటే. అన్న ఫోను చేసి ఏమన్నాడో పిల్ల ఎవరికీ చెప్పలేదు. తర్వాత అన్న ఇంక ఫోను చెయ్యలేదు, పిల్ల చేస్తే ఎత్తలేదు.

అక్కడి నుంచి పెద్దమ్మ ఒక నాటకం ఆడింది. మునుపటిలాగే ప్రతి చీటీకీ ఫోటో తీసేది, వాడికి అనుమానం రాకుండా. భుజం, నడుము, గుండీలు ఆరు. చూడరా చూడు, కళ్ళు కాయలు కాచేలా చూడు అని లోపల తిట్టుకునేది. ఫోను ఎత్తి మాత్రం, "ఉందిరా బాబూ" అనేది.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం అన్నాల వేళ, పిల్ల గడియారం కింద ఫోటో తీసుకుని, పంపి, ఫోను డబ్బాలో వేసింది. పెద్దమ్మ పక్కన వంగింది.

"పెద్దమ్మా, ఈసారి నేను..."

పెద్దమ్మ సూది గుడ్డలో గుచ్చి రెండు చేతులతో చెవులు మూసుకుంది. "చెప్పకే. నీకు దణ్ణం పెడతాను, నాకు చెప్పకు."

"ఊరి పేరొక్కటీ..."

"ఊరూ వద్దు, దిక్కూ వద్దు. బతికున్నావో లేదో కూడా నాకు కబురు పంపకు. నాకు తెలిస్తే వాడికి తెలిసినట్టే." చేతిసంచీలోంచి గుడ్డలో చుట్టిన కత్తెర తీసి ఇచ్చింది. సాన పట్టి వచ్చి ఎన్నో రోజులైంది, పంపడానికి చోటు లేక ఉండిపోయింది. పిల్ల దాన్ని ఒకసారి తెరిచి మూసి చూసుకుంది, చేతికి అలవాటైన చప్పుడు విని కొంచెం నవ్వినట్టయింది. తర్వాత చేతులు కడుక్కోవడానికి వెళ్ళినట్టు వెనక గుమ్మం వైపు వెళ్ళింది. పెద్దమ్మ తల తిప్పలేదు. ఏ వైపు వెళ్ళిందో కూడా కంట పడకూడదని గుడ్డ వైపే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం దాకా నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ, "ఉందిరా బాబూ, పని చేసుకుంటోంది" అంది. ఐదోసారి ఫోను రాలేదు, మనిషే వచ్చాడు.

వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "ఎక్కడికెళ్ళింది పెద్దమ్మగారూ?"

"నాకు తెలీదు."

"మీకు తెలీకుండా ఎక్కడికెళ్తుందండీ?"

"తెలీదు." జీవితంలో ఇంత నిజం ఆమె ఎప్పుడూ చెప్పి ఉండదు.

మర్నాడు కూడా వచ్చాడు. రోజూ వచ్చాడు. పొద్దున పదింటికి, చెప్పులు బయట విడిచి, అదే స్టూలు మీద అరగంట. కేకలు లేవు. ఒకే ప్రశ్న, ఒకే జవాబు. మాస్టారు మెడ పట్టి గెంటుతానన్నాడు. పెద్దమ్మే వారించింది. ఎందుకో ఆయనకు మెల్లగా చెప్పింది. వాడి ఫోటోలు ఇంకా తన ఫోన్లోకి వస్తూనే ఉన్నాయి. రోజూ పొద్దున తెరిచి చూస్తుంది: బస్టాండు, పాత హాస్టలు, కార్ఖానా గేటు, అన్న ఉండే వీధి. అన్నీ ఖాళీ చోట్లు. ఏ ఫోటోలోనూ పిల్ల లేదు. వాడు వెతుకుతున్నాడంటే దొరకలేదనేగా. వాడు వచ్చి ఈ స్టూలు మీద కూర్చున్నాడంటే పిల్ల ఇంకా బయటే ఉందనేగా. ఆ పాడు ముఖం మలుపులో కనబడగానే తిట్టుకుంటూనే ఊపిరి పీల్చుకునేది.

పదకొండో రోజు పొద్దున కొత్త ఫోటో ఒకటి వచ్చింది. తను ఎరగని వీధి. ఒక మేడ మెట్లు, పక్కన ఏదో బోర్డు. పెద్దమ్మ రెండు వేళ్ళతో సాగదీసింది. బోర్డు మీద అక్షరాలు పెద్దవయ్యాయి గానీ అలుక్కుపోయాయి. ఇంకా సాగదీసింది. ఇంకా అలుక్కుపోయాయి. ఏ ఊరో, ఏ వీధో, కళ్ళు మూసి తెరిచి ఎంత చూసినా దొరకలేదు. దాన్నే పట్టుకుని కూర్చున్న మనిషి గుమ్మంలో అలికిడి వినలేదు. వినేసరికి వాడు పక్కనే నిలబడి ఆమె ఒళ్ళోకి చూస్తున్నాడు.

"ఓహో. ఇవి మీకూ వస్తున్నాయా?"

వాడు నవ్వాడు. మర్యాదగా చెయ్యి చాపి ఫోను తీసుకుని, నిలబడే ఏదో నొక్కి, తిరిగి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆ రోజు ప్రశ్న అడగలేదు. "కళ్ళు పాడవుతాయి పెద్దమ్మగారూ. కళ్ళజోడు పెట్టుకోండి" అని వెళ్ళిపోయాడు.

ఫోను తెరిస్తే ఒక్క ఫోటో లేదు. వాడివీ లేవు, తనవీ లేవు. ఏదో పాస్‌వర్డు అడుగుతోంది, ఆమెకు తెలియనిది. మలుపులో ఫోన్లు బాగుచేసే అతని దగ్గరికి పరుగెత్తింది. "బయటినుంచి తాళం వేసేశాడమ్మా, నా వల్ల కాదు" అన్నాడతను. దారిలోనే ఉన్న దుకాణంలో కళ్ళజోడు కొనుక్కుంది. ఇన్నేళ్ళ మొండితనం అయిదు నిమిషాల్లో పోయింది. చీటీల మీద అక్షరాలన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి ఇప్పుడు. చదవాల్సిన బోర్డు ఒక్కటే లేదు.

మళ్ళీ స్టేషనుకు వెళ్ళింది. "ఆ అమ్మాయి ఎక్కడుంది?" అని అడిగాడు అధికారి. తెలీదంది. "పోనీ ఆ ఫోటో ఏ వీధిదో?" తెలీదంది. "మరి ఎక్కడికని వెళ్ళమంటారమ్మా?" ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. పిల్ల దగ్గరికి మనిషిని పంపడానికి దారి లేదు, జాగ్రత్త అని కబురు పెట్టడానికి నంబరు లేదు. చెప్పొద్దని చెవులు మూసుకున్నది తనే.

పన్నెండో రోజు పది దాటింది. స్టూలు ఖాళీగా ఉంది. పదిన్నర అయింది. ఒళ్ళో కోటు మీద సూది గుచ్చి అలాగే వదిలేసింది. కళ్ళజోడుతో చూస్తే వీధి చివర అంతా మసకగా ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టి మలుపు వైపు చూసింది. మనుషులు వస్తున్నారు, పోతున్నారు, ఒక్కరి నడకా అది కాదు.

"మాస్టారూ, వాడింకా రాలేదు" అంది.

మాస్టారు కత్తెర ఆపి గడియారం వైపు చూశాడు. పదకొండు రోజులు ఏ మనిషిని చూసి తిట్టుకుందో ఆ మనిషి కోసం పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రారా బాబూ, ఒక్కసారి వచ్చి ఎక్కడుందని అడగరా, అనుకుంటూ చీకటి పడేదాకా నిలబడే ఉంది.